పత్రి అమ్మిన డబ్బు ఎవరిది?

మొక్కల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పురుగులు, తెగుళ్ళ గురించి అడిగినవారు తక్కువ. వంగకు పుచ్చు, మిరపకు ముడత పక్కన పెట్టి ఎక్కువమంది సంఘాల సంగతులు రాశారు. పండుగలు వరుసగా వస్తున్నాయి కదా, మిద్దెతోటల వాళ్ళు, కాలనీ మొక్కల బృందాల వాళ్ళు నాలుగు రూపాయలు కూడబెట్టి ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దామని చూస్తున్నారు. రాజమహేంద్రవరంలో మా మొక్కల సంఘం డబ్బు లెక్కలు చాలా ఏళ్ళుగా నా నెత్తినే ఉన్నాయి. అందుచేత వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన నోటితో ఈసారి కాస్త జమాఖర్చులు కూడా చెబుతాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లలో మిద్దెతోట పెంచేవాళ్ళం ఓ ముప్ఫై మందిమి ఉన్నాం. దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలలో కూరగాయల తోట వేయించాలని కోరిక. వినాయక చవితికి ఏదైనా అమ్మి డబ్బు సమకూర్చుకుందామని కొందరు, చందాలు అడుగుదామని కొందరు అంటున్నారు. మీరేమంటారు?
(ఒక గృహిణి, విజయవాడ)

చందా పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేయండి తల్లీ. చవితి ముందు పందిళ్ళ కుర్రాళ్ళు ఎలాగూ గుమ్మం గుమ్మానికీ తిరుగుతుంటారు. ఆ వరుసలో మీరూ నిలబడితే మొహమాటానికి యాభయ్యో వందో ఇస్తారు, మరుసటి ఏడాది మిమ్మల్ని చూసి తలుపు వేసుకుంటారు. ఆ కుర్రాళ్ళ దగ్గర లేనిది మీ దగ్గర ఒకటుంది. ఆకును చూసి పేరు చెప్పగలరు. ఆ విద్యకు పండుగ పూట మంచి గిరాకీ. కాబట్టి పత్రి అమ్మండి.

బజారులో పత్రి అని ఇచ్చే కట్టను ఎప్పుడైనా విప్పి చూశారా? మామిడి రెమ్మ, రావి రెమ్మ, గరిక, జిల్లేడు ఉంటాయి. తక్కినదంతా పచ్చగా కనబడిందల్లా. మాచిపత్రి పేరుతో వయ్యారిభామ కలిపేయడం కూడా చూశాను. రెండింటి ఆకులూ చీలికలు చీలికలుగా ఉండి పైపైన చూస్తే పోలికగానే ఉంటాయి. మాచిపత్రి నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. వయ్యారిభామ తగిలితే చాలామందికి దద్దుర్లు, దురద. పీట మీద కూర్చున్న పిల్లవాడి చేతికి ఇచ్చేది ఇదా!

వ్రతకల్పంలో చెప్పినవి 21: మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, గండకీ, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. వీటిలో సగం మీ మిద్దెల మీదా, మీ పెరళ్ళలోనూ ఉండేవే. ఉత్తరేణి, వాకుడు, ఉమ్మెత్త, జిల్లేడు ఖాళీ స్థలాల్లో దొరుకుతాయి. దేవదారు హిమాలయాల చెట్టు, ఇక్కడ బజారులో ఆ పేరుతో ఇచ్చేది చాలాసార్లు వేరే ఆకు. దొరకనిదాని బదులు ఏదో ఒకటి దూర్చి లెక్క నింపకండి. పద్దెనిమిదే దొరికితే సంచి మీద పద్దెనిమిది అని రాయండి. లేనిదానికి అక్షతలు వేయమని పురోహితులే చెబుతారు. ఆ నిజాయితీ వల్లే మా పత్రి సంచులకు ఏటా ముందుగానే పేర్లు రాయించుకుంటున్నారు.

మేము చేసే పద్ధతి చెబుతాను. పండుగ ముందురోజు ఎండ తగ్గాక కోయడం మొదలుపెడతాం. వరండాలో తడిపిన గోనెలు పరిచి రకానికో కుప్ప పోస్తాం. ప్రతి రకాన్నీ చిన్న పిడికెడు చేసి అరటి నారతో కట్టి, పేరు రాసిన చీటీ దోపుతాం. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మాత్రం విడిగా ఒక కాగితపు సంచిలో ఎర్రదారంతో కడతాం. గన్నేరు చెట్టంతా విషమే, అది గుండె మీద పనిచేస్తుంది. ఉమ్మెత్త తిన్న పిల్లలు ఆస్పత్రి పాలైన సంగతులు మీరూ విని ఉంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే మంట సరే, చూపు కూడా మసకబారుతుంది. అందుకే జిల్లేడు కోసేవారికి కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. తుంచిన రెమ్మ చివరలు పొడి ఇసుక పళ్ళెంలో గుచ్చి, పాలు కారడం ఆగాకే కట్ట కడతాం. ఎర్రదారం సంచి మీద ‘నోట్లో పెట్టరాదు, కంటికి తగలరాదు’ అని పెద్ద అక్షరాలతో రాస్తాం. ఇది చూసి ముచ్చటపడి రెండు సంచులు అదనంగా కొన్నవాళ్ళున్నారు.

జమ్మి, మారేడు, మద్ది చెట్లున్నవారిని ముందుగా అడిగి, కత్తెరతో చివరి రెమ్మలు మాత్రమే తీసుకోండి. కొమ్మ విరిచి ఆకు దూసేవాడు మొక్కల సంఘంలో ఉండదగడు.

పండుగకు పది రోజుల ముందే పేర్లు రాసుకుని డబ్బు తీసుకోండి. ఎన్ని పేర్లు వస్తే అన్ని సంచులే కట్టండి, మిగులు ఉండదు. ఇక అసలు మాట. సంచితో ఇచ్చే చీటీ మీద ‘పాఠశాల సహాయార్థం’ అని రాయకండి. అలాంటివి చదివీ చదవక పారేస్తారు. ‘ఈ డబ్బుతో ఫలానా వీధి బడి తోటకు కుళాయి నుంచి పైపు వేయిస్తాం’ అని రాయండి. పైపు పడ్డాక వచ్చే చవితికి కొన్నవాళ్ళే వచ్చి ‘ఈసారి ఏం వేయిస్తున్నారు?’ అని అడుగుతారు. ఏ పనికో ముందే తేల్చుకోకుండా ఒక్క సంచి కూడా అమ్మవద్దని నా గట్టి అభిప్రాయం. డబ్బు చేతికొచ్చాక పని వెతికే సంఘం పోట్లాటలతోనే సరిపెట్టుకుంటుంది.

మట్టి విగ్రహాలు కూడా అమ్మాలనుకుంటే కుమ్మరుల దగ్గరే కొనండి, మీరు చేసి వాళ్ళ పొట్ట కొట్టకండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో దాన్ని వద్దనే చెప్పింది. ఈమధ్య కడుపులో విత్తనాలు దాచిన వినాయకులు వస్తున్నారు. చూడడానికి ముచ్చటే, కానీ సన్నగింజ బంకమట్టి ముద్ద మధ్యలో ఇరుక్కుంటే మొలవదు. బంతి గింజలో, తులసి గింజలో చిన్న పొట్లం కట్టి విగ్రహంతో పాటు విడిగా ఇవ్వండి. బకెట్లో నిమజ్జనం చేశాక ఆ మట్టిని కంపోస్టుతో కలిపి, పైపైన గింజలు చల్లమనండి.

పండుగ అయ్యాక ఇంకో పని ఉంది, దానికి పైసా అక్కర్లేదు. పందిళ్ళ నుంచి బయటపడే పత్రిని రోడ్డు మూల పోస్తారు, ఆవులూ మేకలూ వచ్చి నములుతాయి. అందులో గన్నేరు ఉంటుందని మరిచిపోవద్దు, కాస్త ఆకుతోనే పశువు ప్రాణం మీదికి వస్తుంది. మీ బృందం సంచులతో వెళ్ళి ఆ ఆకంతా తెచ్చుకోండి. దారాలు, తగరం కాగితాలు, ప్లాస్టిక్ ఏరేసి కంపోస్టు గుంతలో వేయండి. సంక్రాంతికల్లా బడి తోటకు ఎరువు సిద్ధం.

ప్రశ్న: ప్రతి ఏడాది వానల్లో ఏదో ఒక సంఘం వచ్చి మా బడిలో మొక్కలు నాటి, ఫొటోలు దిగి వెళుతుంది. నిరుడు నాటినవారి గుంతలోనే ఈ ఏడు ఇంకొకరు నాటారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళకు ఏమని చెప్పాలి?
(ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా)

మాస్టారూ, మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మీరు వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడి తెరిచే దాకా వీటికి నీళ్ళు ఎవరు పోస్తారు? జవాబు ఉన్నవాళ్ళకు కాఫీ ఇవ్వండి. లేనివాళ్ళకు కూడా ఇవ్వండి గానీ, గుంత తవ్వనివ్వకండి.

మీ జిల్లా ఎండలకు బడి మొక్కలు ఎండిపోయేది ఆ ఏడెనిమిది వారాల్లోనే. బడి పక్క ఇంటివారికో, వంట చేసే అక్కలకో ఆ వేసవికి నెలజీతం కుదిర్చి నీళ్ళు పోయించడానికి సంఘాన్ని డబ్బు అడగండి. ఈ ఖర్చు ఫొటోలో కనబడదు, అందుకే ఎవరూ పెట్టరు. మొక్కలు కొనివ్వడం చాలా తేలిక, మా పక్కనున్న కడియం నర్సరీలకు ఒక వ్యాను పంపితే సాయంత్రానికి నిండి వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో బడుల్లో పోషకాహార తోటల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద స్థలం లేకపోయినా కుండీల్లో, డబ్బాల్లో పెంచుకోవచ్చని అందులో ఉంది. మీరు బడి క్యాలెండర్‌ను చూసి పంట వేయండి. జూన్ చివర తొలి వానలకు తోటకూర, గోంగూర, బచ్చలి వేస్తే తోటకూర నెల తిరక్కుండా మధ్యాహ్న భోజనం పప్పులోకి వస్తుంది. దసరా సెలవుల తర్వాత పాలకూర, మెంతి, టమాటా. ఫిబ్రవరి దాటితే కొత్త మడి కట్టవద్దు. వేసవిని తట్టుకునేవి మాత్రమే శాశ్వతంగా నాటండి. మునగ అన్నిటికన్నా నయం. పీకేఎం-1 రకం గింజ నాటిన ఆరేడు నెలలకే కాపుకొస్తుంది, ఆకు ఇంకా ముందే కోసుకోవచ్చు. కరివేపాకు ఒకసారి నిలదొక్కుకుంటే మొండిది. పిల్లలు పళ్ళాలు కడిగే నీళ్ళు పారే చోట అరటి పెట్టండి.

ఇంకో మంచి ఉపాయం మట్టికుండ. మెరుగు పూయని కుండను మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్ళు నింపి, పైన మూత పెడితే కుండ గోడల్లోంచి నీరు ఊరుతూ వేరుకు అందుతుంది. మొదట్లో పోసినట్టు రోజూ పోయనక్కర్లేదు. సంఘాల వాళ్ళు ‘ఏం తెమ్మంటారు?’ అని అడిగితే కుండలు తెమ్మనండి, మేకలు దూరకుండా ముళ్ళకంచె వేయించమనండి, రెండు పారలు కొనివ్వమనండి. ఫొటోలు కావాలంటే జూన్ 12న వచ్చి, బతికిన మొక్కల పక్కన దిగమనండి.

ప్రశ్న: బతుకమ్మకు పూలు పెంచి అమ్మి, ఆ డబ్బుతో మా చెరువు కట్ట మీద చెట్లు నాటాలని మా యువజన బృందం ఆలోచన. తంగేడు, గునుగు, బంతి అన్నీ అమ్మవచ్చా? ఎప్పుడు విత్తాలి?
(డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

బంతి అమ్ము బాబూ, గునుగు కూడా పెంచి అమ్ము. తంగేడు మాత్రం అమ్మకానికి పెట్టవద్దని నా సలహా. అది తెలంగాణ రాష్ట్ర పుష్పం అన్న గౌరవం ఒకటి. అంతకన్నా ముఖ్యం, అది గుట్టల మీద తనంతట తాను పెరిగే పొద. నలుగురు అమ్మడం మొదలుపెడితే పూలతో పాటు కొమ్మలూ బండ్లకెక్కుతాయి. మీ దగ్గర బంతి కొన్నవారికి నాలుగు తంగేడు పూలు ఊరికే ఇవ్వండి. తంగేడు గింజలు కోసి దాచుకుని, తొక్క గట్టిది కాబట్టి వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, సంచుల్లో మొక్కలు కట్టండి. చెరువు కట్ట మీదికి నాటడానికి అవే పనికొస్తాయి.

బంతికి గింజ వేసిన నాటి నుంచి పువ్వు కోయడానికి రెండు నెలల పైమాటే. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు మొదటిదైన ఎంగిలిపూల బతుకమ్మ, దుర్గాష్టమికి చివరిదైన సద్దుల బతుకమ్మ. కాబట్టి ఆషాఢ అమావాస్యకు ముందే గింజ మడిలో పడాలి. మూడు నాలుగు వారాల నారు పీకి నాటుకోవాలి. మొక్క కాస్త ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు పుట్టుకొచ్చి పూలు రెట్టింపవుతాయి గానీ కోత వారం పది రోజులు వెనక్కి పోతుంది. సగం మొక్కలకు తుంచండి, సగం వదిలేయండి. అప్పుడు తొమ్మిది రోజులూ పువ్వు ఉంటుంది.

గునుగు తోటకూర కుటుంబానిదే, లేత ఆకు కూర వండుకుంటారు కూడా. కలుపు మందులు వచ్చాక చేలగట్ల మీద అది బాగా తగ్గింది. నల్లగా నిగనిగలాడే సన్నగింజ దాని పూవులోనే ఉంటుంది, ఎండిన పువ్వును కాగితం మీద దులిపితే రాలుతుంది. ఈ ఏడు దాచి వచ్చే జూన్‌లో చల్లండి. పూలకు రసాయన రంగులు అద్ది అమ్మకండి. బతుకమ్మ చివరికి చేరేది చెరువులోకి, మీరు చెట్లు నాటబోయేది ఆ చెరువు కట్ట మీదే కదా!

ప్రశ్న: ఇంకా నమోదు కాని మా మిద్దెతోటల బృందానికి నేను కోశాధికారిని. దీపావళికి మొక్కల అమ్మకంతో పాటు లక్కీ డ్రా పెట్టాలంటున్నారు. కొన్నవారికి పన్ను మినహాయింపు రసీదు ఇవ్వచ్చా? అమెరికాలోని స్నేహితులు పంపే డబ్బు తీసుకోవచ్చా?
(కోశాధికారి, హైదరాబాద్)

మూడింటికీ పొట్టిగా చెబుతాను. టిక్కెట్టు అమ్మి బహుమతి ఇచ్చేది ఏదైనా లాటరీ లెక్కే. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం నేరం. దాన్ని మరిచిపోండి.

మొక్క కొన్నవాడు మొక్క తీసుకెళ్ళాడు, అది విరాళం కాదు. 80జి అని మనకు అలవాటైన మినహాయింపు విరాళానికే, అదీ ఆదాయపు పన్ను శాఖ ఆమోదం ఉన్న సంస్థకు ఇస్తేనే. రెండు వేల రూపాయలు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు కూడా రాదు. మీ బృందం ఇంకా నమోదు కాలేదని రాశారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే నమోదు చేసుకోవచ్చు. చిన్న అమ్మకాలకు అది లేకపోయినా నడుస్తుంది గానీ, డబ్బు ఎవరో ఒకరి సొంత ఖాతాలో పడేటట్టయితే మాత్రం వెంటనే చేయించండి. ఎంత మంచివాడి ఖాతా అయినా సరే.

విదేశాల డబ్బు దగ్గర మరింత జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీరు దాన్ని ముట్టుకోకూడదు. పంపేవారిని ‘ఏ పాస్‌పోర్టు?’ అని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: ఇక్కడి గార్డెన్ క్లబ్బులో చేరాను. డిసెంబరులో క్రిస్మస్ కోసం దేవదారు, పైను కొమ్మలతో వలయాలు కట్టి అమ్మి, ఊరి గ్రంథాలయం ముందు తోటను నడుపుతారు. మే నెలలో మొక్కల అమ్మకం ఉంటుంది. నేను కరివేపాకు మొక్కలు పెంచి ఇద్దామనుకుంటున్నాను. మంచిదేనా?
(ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

మంచి చోట చేరారమ్మా. అమెరికాలో ఈ క్లబ్బుల మొదలు 1891లో, జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లో పన్నెండుమంది ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం.

కరివేపాకు అన్నప్పుడు కొంచెం ఆగండి. అది నిమ్మ, నారింజల కుటుంబానిది. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా వంటి చోట్ల నుంచి ఆ మొక్కలను బయటి రాష్ట్రాలకు పంపడం మీద ఆంక్షలున్నాయి. టెక్సాస్‌లోని డల్లాస్ నుంచి చెల్లెలెవరైనా కారులో తెచ్చిచ్చే మొక్క మీ అమ్మకంలో పెట్టకండి. ఆ పురుగు లేని ప్రాంతపు నర్సరీలో, లైసెన్సు ఉన్నవారి దగ్గర కొన్న మొక్కలైతే మీ వ్యవసాయ శాఖను ఒకమాట అడిగి పెంచండి. ఇండియా నుంచి విత్తనాలు పెట్టెలో వేసుకెళ్ళడం కూడా వద్దు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

మే అమ్మకానికి అక్కడే కొన్న గింజలతో గోంగూర, మిరప నారు పోయండి. మీ ఊళ్ళో మనవాళ్ళుంటే గోంగూర కుండీలు ముందుగా అయిపోతాయి. డిసెంబరుకు వాళ్ళ వలయాలు కట్టడం నేర్చుకోండి, వాళ్ళకు మీరు దండ గుచ్చడం నేర్పండి. అక్టోబరు మంచు పడకముందే బంతిపూలు కోసి నీడన ఎండబెడితే తోరణం కట్టవచ్చు, అది వలయాల పక్కన అమ్ముడుపోతుంది. రాలిన గింజలు పొట్లాలు కడితే అదీ ఒక అమ్మకం.

ప్రశ్న: నిరుడు చవితి అమ్మకంలో కొంత డబ్బు మిగిలింది. కార్తిక వనభోజనానికి వాడుకుందామని కార్యదర్శి, కష్టపడింది మనమే కదా అని సభ్యులు. కాదంటే నేను పిసినారిననే పేరు. ఏం చేయను?
(సంఘ సభ్యురాలు, కాకినాడ)

పిసినారి పేరు తెచ్చుకోండి, ఏమీ కాదు. నాకు ఎప్పుడో వచ్చింది. మీరు ఏ పనికని చెప్పి అమ్మారో ఆ పని పూర్తయిందా? కాకపోతే మిగిలిందనే మాటే లేదు. పూర్తయ్యాక మిగిలితే, ఎంత మిగిలిందో, దాన్ని ఏ పనికి మళ్ళిస్తున్నారో కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించండి, కొన్నవారందరికీ కనబడాలి. వనభోజనానికి తలా ఇంత వేసుకోండి. పులిహోర మీ కార్యదర్శిగారిని తెమ్మనండి.

మిగిలిన ఉత్తరాలకు జవాబులు వచ్చే సంచికలో.